రెండు గీతలు విడిపోయిన చోట

అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయే స్త్రీల లెక్కలను గ్రాఫు గీసి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. 1980 ప్రాంతం దాకా నల్లజాతి స్త్రీల గీత, తెల్లజాతి స్త్రీల గీత దాదాపు ఒకదాని మీద ఒకటిగా నడిచాయి. ఆ తర్వాత విడిపోయాయి. కొన్నేళ్ళకు తెల్లవారి గీత కిందికి దిగింది. నల్లవారిదీ ఆలస్యంగా దిగింది గానీ, మధ్యలో పడిన సందు పూడలేదు. ఇవాళ నల్లజాతి స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ వచ్చే రేటు తెల్లవారికన్నా కాస్త తక్కువే. చనిపోయే రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ.

పదేళ్ళలో ఎవరి జన్యువులూ మారిపోవు. మారిందల్లా వైద్యం. మామోగ్రామ్ వాడుకలోకి వచ్చింది. 1977లో అనుమతి పొందిన టామోక్సిఫెన్ మాత్ర మెల్లగా ఇళ్ళకు చేరింది. రెండూ బీమా ఉన్నవాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాయి. ఇక్కడితో ఆపేస్తే ఇది ఆసుపత్రి గుమ్మం కథ. కానీ టామోక్సిఫెన్ పనిచేసేది ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉన్న కణితుల మీదే. ఆ రిసెప్టర్ లేని కణితులు నల్లజాతి స్త్రీలలో ఎక్కువ. ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్, హెర్-2 రిసెప్టర్లు మూడూ లేని ట్రిపుల్ నెగెటివ్ రకమైతే తెల్లవారికి రెట్టింపు దాకా ఉంటుంది. అంటే ఆ మాత్ర అందరికీ ఒకే రోజున, ఉచితంగా పంచినా గీతలు ఎంతోకొంత విడిపోయేవే.

ఆ ఒక్క సందులో గుమ్మమూ ఉంది, కణమూ ఉంది. దేని వాటా ఎంత అన్న దగ్గర దశాబ్దాలుగా వాదన నలుగుతోంది. ఒక వర్గం పేదరికం, బీమా, వివక్ష అంటుంది. ఇంకో వర్గం రక్తంలోనే ఏదో ఉందంటుంది. బయటి బతుకు లోపలి కణంలోకి ఎలా దిగుతుందో నేను చూపిస్తానంటూ గత ఇరవై ఏళ్ళలో ఈ ఇద్దరి మధ్యకూ వచ్చి కూర్చుంది ఎపిజెనెటిక్స్. దాని మాట ఎంతవరకు నమ్మవచ్చో చూడాలి.

ముందు పని తీరు. ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ డీఎన్‌ఏ ఒకటే. అయినా కాలేయం కాలేయంలాగే ఉంటుంది, చర్మం చర్మంలాగే ఉంటుంది. డెల్టాలో పెరిగినవారికి దీన్ని చెప్పడం తేలిక. కాలువ నిండా నీళ్ళు పారుతున్నా, తూము దించేస్తే ఆ మడికి చుక్క చేరదు. డీఎన్‌ఏ కాలువ అనుకుంటే, తూములు ఎత్తే దించే లస్కర్లు వేరే ఉన్నారు. వాళ్ళలో బాగా తెలిసినది మిథైల్ గుంపు: ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్ పక్కనే గ్వానిన్ ఉన్న చోట ఇది అతుక్కుంటుంది. జన్యువు మొదట్లో ఇవి దట్టంగా చేరితే ఆ జన్యువు మూగబోతుంది. రెండో ఏర్పాటు హిస్టోన్లు. డీఎన్‌ఏ దారం చుట్టుకునే కండెలివి. చుట్టు వదులుగా ఉంటే జన్యువు పనిచేస్తుంది, బిగిస్తే ఆగిపోతుంది. కాన్రాడ్ వాడింగ్టన్ 1942లో ఎపిజెనెటిక్స్ అన్న మాట పుట్టించేనాటికి ఇవేవీ తెలియవు. డీఎన్‌ఏ ఆకారమే ఇంకా తేలలేదు.

ఈ మిథైల్ గుంపులు ఊరికే రావు. తిండిలోని ఫోలేట్, మెథియోనిన్‌ల వంటి వాటి నుంచి వస్తాయి. ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసి చూపిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినాప్టెరిన్ కూడా ఆ గూటి నుంచే వచ్చింది. దాంతోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను కొంతకాలం అణచి చూపాడు. మిథైలేషన్ గురించి చదివినప్పుడల్లా నాకు ముందు మెదిలేది ఆయన పేరే.

క్యాన్సర్ కణంలో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. మొత్తం మీద మిథైలేషన్ తగ్గుతుంది. కానీ కణం అదుపు తప్పకుండా కాపలా కాసే జన్యువుల దగ్గర మాత్రం పెరిగిపోతుంది. మ్యుటేషన్‌కూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మ్యుటేషన్ అయితే అక్షరమే చెరిగినట్టు. మిథైల్ గుంపును మాత్రం వదిలించవచ్చు. 2004లో అమెరికాలో అనుమతి పొందిన అజాసిటిడిన్ చేసే పని అదే. ఎముక మజ్జ జబ్బుల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

జాతుల తేడా చర్చకు ఇది ఎందుకు ఇంత నచ్చిందంటే, బతుకు ఈ గుర్తుల మీద నిజంగానే ముద్ర వేస్తుంది. పొగ తాగేవారి రక్తంలో ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు దగ్గర మిథైలేషన్ స్పష్టంగా పడిపోతుంది. మానేశాక ఏళ్ళ మీద మెల్లగా తేరుకుంటుంది. 1944-45 చలికాలంలో జర్మన్ దిగ్బంధంలో ఆకలికి మాడిన నెదర్లాండ్స్‌లో, ఆ నెలల్లో తల్లి కడుపున పడినవారిని అరవై ఏళ్ళ తర్వాత పరీక్షించారు. ఐజీఎఫ్2 అనే పెరుగుదల జన్యువు దగ్గర వారి మిథైలేషన్, ఆ కరవు తగలని తోబుట్టువులకన్నా తక్కువగా ఉంది. 2008లో వచ్చిన ఆ ఫలితం తర్వాత ఆశలు పెరిగిపోయాయి. పేదవాడలో పుట్టి, ఫ్యాక్టరీ పొగ పీల్చి, వివక్ష భరించిన ఒళ్ళు కూడా అలాగే లెక్క రాసుకుంటుందనీ, ఆ లెక్కే క్యాన్సర్‌గా బయటపడుతుందనీ అనుకున్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో, రుజువు చేయడం అంత కష్టమైంది.

సందు బాగా పెద్దదిగా ఉన్న ప్రొస్టేట్‌ను ముందు తీసుకుందాం. నల్లజాతి పురుషుల్లో ఈ క్యాన్సర్ వచ్చే రేటు తెల్లవారికన్నా 70 శాతం దాకా ఎక్కువ, చనిపోయే రేటు రెట్టింపు. ప్రొస్టేట్ కణితుల్లో జీఎస్‌టీపీ1 జన్యువు మూగబోతుందని 1994లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు చూపారు. కణంలో చేరిన విషాలను విరిచేసే ఎంజైము దాని సరుకు. అయితే అత్యధిక కణితుల్లో, రోగి ఎవరైనా సరే, ఆ తూము దించే ఉంటుంది. అందువల్ల అది రోగనిర్ధారణకు బాగా పనికొచ్చింది గానీ జాతుల తేడాకు జవాబు కాలేదు. 2003లో నల్ల, తెల్ల రోగుల కణితులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు జీఎస్‌టీపీ1లో తేడా లేదు, సీడీ44 అనే మరో జన్యువులో ఉంది. 2010లో హోవర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్వాబీ-అడో బృందం ఇంకాస్త ముందుకు వెళ్ళింది. క్యాన్సర్ లేని మామూలు ప్రొస్టేట్ కణజాలంలోనే కొన్ని జన్యువుల దగ్గర నల్లవారిలో మిథైలేషన్ ఎక్కువగా ఉందని చెప్పింది. జబ్బు రాకముందే నేల సిద్ధమై ఉందన్నమాట. ఎవరు సిద్ధం చేశారో ఆ నమూనాలు చెప్పలేవు. తిండా, వయసా, విటమిన్ డీ లోటా, పుట్టుకతో వచ్చిన అక్షరమా?

పుట్టుకతో వచ్చినదీ ఇక్కడ కొంత ఉంది, దాచనక్కరలేదు. ఎనిమిదో క్రోమోజోమ్‌లో 8క్యూ24 అనే చోట ప్రొస్టేట్ ముప్పును పెంచే మార్పులు కొన్ని ఆఫ్రికన్ వంశమూలం ఉన్నవారిలో ఎక్కువ. 2006 నుంచి ఇది పదేపదే రుజువైంది. విచిత్రమేమిటంటే ఆ మార్పులున్న మేరలో చెప్పుకోదగ్గ జన్యువులేవీ లేవు. ఉన్నవి దూరాన ఉన్న మిక్ అనే జన్యువును ఎత్తే దించే తూములు. అక్షరం మారింది, మారిన చోటేమో తూము దగ్గర. ఇంతవరకు జన్యుశాస్త్రం, ఇక్కడి నుంచి ఎపిజెనెటిక్స్ అని గట్టు వేయడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రొమ్ము క్యాన్సర్‌లో కథ ఇంకా చిక్కనిది. 2004లో జాన్స్ హాప్‌కిన్స్‌లో సరస్వతి సుకుమార్ బృందం, హార్మోన్ రిసెప్టర్లు లేని కణితులున్న చిన్న వయసు స్త్రీలను పోల్చి చూసింది. నల్లజాతి స్త్రీల కణితుల్లో పలు కాపలా జన్యువులు ఎక్కువగా మిథైలేట్ అయి ఉన్నాయి. ఆ వ్యాసం ఈ రంగంలో చాలామందికి దారి చూపింది. తర్వాత పెద్ద కొలతలో చూసినప్పుడు మాత్రం బొమ్మ మారింది. షికాగోలో ఒలుఫున్మిలాయో ఒలోపాడే, డెజెంగ్ హువో బృందం 2017లో, జాతీయ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌లోని 930 మంది రోగుల కణితులను వంశమూలం ప్రకారం పోల్చింది. విడిగా చూస్తే తేడాలు బోలెడు. కణితి ఏ ఉపరకానిదో లెక్కలోకి తీసుకోగానే అవి ఇట్టే కరిగిపోయాయి. మిథైలేషన్‌లో మిగిలిన తేడాలు 16 చోట్ల మాత్రమే. అంటే ట్రిపుల్ నెగెటివ్ కణితి ఎవరి ఒంట్లో ఉన్నా దాదాపు ఒకలాగే ఉంటుంది. కాబట్టి నల్ల కణితికీ తెల్ల కణితికీ తేడా ఏమిటని ఇన్నాళ్ళూ అడిగింది తప్పు ప్రశ్న. ఆ రకం కణితి ఈ స్త్రీలకే ఎందుకు ఎక్కువ వస్తోందని అడగాలి.

ఆ ప్రశ్నకు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచిన జవాబు కానుపు దగ్గర ఉంది. పిల్లలను కంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని పాతకాలం నుంచీ చెబుతున్నారు. హార్మోన్ రిసెప్టర్ ఉన్న రకానికి అది నిజమే. రిసెప్టర్ లేని రకానికి లెక్క తిరగబడుతుంది: కాన్పులయ్యి, పాలివ్వని స్త్రీలలో ఆ ముప్పు పెరుగుతుంది. నల్లజాతి స్త్రీల మీద జరిగిన పెద్ద అధ్యయనాలను కలిపి చూస్తే 2014లో ఇది తేలింది. పాలిస్తే ఆ అదనపు ముప్పు చాలావరకు పోతుంది. దీనికి మిథైలేషన్ కోణం ఫాక్స్ఏ1 అనే జన్యువు. రొమ్ములోని ముడి కణాలను ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉన్న దారిలోకి నడిపించేది అదే. దాని తూము మూసుకుంటే కణం ఆ దారి పట్టదు. రిసెప్టర్ లేని కణితుల్లో ఫాక్స్ఏ1 మిథైలేషన్ ఎక్కువగా ఉందనీ, నల్లజాతి స్త్రీలలో అది కాన్పులతో ముడిపడి ఉన్నట్టుందనీ 2017లో ఒక పరిశోధన చెప్పింది. ఇంకా గట్టిపడాల్సిన సంగతే. నిజమని తేలితే మాత్రం గొలుసు ఎలా ఉంటుందో చూడండి. అమెరికాలో జాతీయ స్థాయిలో జీతంతో కూడిన ప్రసూతి సెలవు లేదు. 1993 చట్టం ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు, అదీ అందరికీ కాదు. గంటకింత అని పనిచేసే తల్లి పది రోజులకే క్యాష్ కౌంటర్ దగ్గరికి తిరిగి రావాలి. పాలు పిండి దాచుకునే గది ఉండదు, ఉన్నా తీరిక ఉండదు. బిడ్డకు డబ్బా పాలే గతి. అలా ఒక సెలవు చట్టం ఒక జన్యువు మొదట్లో గుర్తు పెట్టగలదన్నమాట.

ట్రిపుల్ నెగెటివ్‌ను ఆఫ్రికా రక్తానికి కట్టేయాలని చూసేవారికి రెండు మాటలు. పశ్చిమ ఆఫ్రికాలోని ఘానాలో ఆ రకం చాలా ఎక్కువ, తూర్పున ఇథియోపియాలో తక్కువ. లీసా న్యూమన్ అనే సర్జన్ ఏళ్ళ తరబడి కుమాసీ ఆసుపత్రితో కలిసి చేసిన పనిలో ఈ తేడా బయటపడింది. అమెరికాకు బానిసలుగా అమ్మినవారిలో ఎక్కువమంది పశ్చిమ తీరంవారు. కాబట్టి కొంత వంశమూలం వాటా ఉండవచ్చు, కానీ అది ఆఫ్రికా అనే ఒక్క మాటలో ఇమడదు. ఇక మన దేశంలో చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే రొమ్ము క్యాన్సర్లలో ట్రిపుల్ నెగెటివ్ వాటా దాదాపు 30 శాతం తేలింది. మన రోగుల్లో చిన్న వయసువారు ఎక్కువ కావడం అందుకు కొంత కారణం. గుంటూరులోనో వరంగల్లులోనో ఆ రిపోర్టు చేతికొచ్చిన ఆవిడకు ఆఫ్రికాతో ఏ చుట్టరికమూ అక్కర్లేకపోయింది.

పెద్దపేగు దగ్గరికి వస్తే తూము కదలడం దాదాపు కళ్ళముందే కనిపిస్తుంది. పిట్స్‌బర్గ్‌లోని స్టీఫెన్ ఓ'కీఫ్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఆఫ్రికన్ అమెరికన్లలో పెద్దపేగు క్యాన్సర్ ఏటా లక్షకు 65 ఉంటే, దక్షిణాఫ్రికా పల్లెల్లో 5 కన్నా తక్కువ. రెండు వైపులా 20 మంది చొప్పున తీసుకుని రెండు వారాలు తిండి మార్చారు. పిట్స్‌బర్గ్ వారికి మొక్కజొన్న, అలసందలు, బెండకాయలు, పీచు దండిగా. పల్లెవాళ్ళకు సాసేజీలు, పాన్‌కేకులు, హాంబర్గర్, వేపుడు బంగాళాదుంపలు. పిట్స్‌బర్గ్ వాళ్ళకు రోజుకు 14 గ్రాముల పీచు 55 గ్రాములైంది. పద్నాలుగు రోజుల్లో వారి పేగులో బ్యూటిరేట్ రెండున్నర రెట్లు పెరిగింది. పల్లెవాళ్ళలో సగానికి పడిపోయింది. పేగు గోడ కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చెప్పే గుర్తులూ ఆ ప్రకారమే అటూ ఇటూ తారుమారయ్యాయి.

బ్యూటిరేట్ పీచును తినే సూక్ష్మజీవులు వదిలే ఆమ్లం. హిస్టోన్ కండెల మీది చుట్టు బిగించే ఎంజైములను ఇది ఆపుతుంది. అలా ఆపితే కాపలా జన్యువులు తెరుచుకుని ఉంటాయి. ఇదే పని చేసే మందులను ఫ్యాక్టరీల్లో తయారుచేసి రక్త క్యాన్సర్లకు అమ్ముతున్నారు. రెండు వారాల్లో ఎవరికీ క్యాన్సర్ రాలేదు, పోనూలేదు; ఆ పరిశోధకులూ అలా అనలేదు. ఒక మాట మాత్రం తేలింది: ఆఫ్రికన్ అమెరికన్ పేగులో ఆఫ్రికా లేదు, అమెరికా ఉంది. ఇక్కడ ఒక పక్కమాట. జొన్న, సజ్జ, రాగి, అలసంద - దక్కను మెట్టపొలాల్లో మనవే అనుకునే ఈ పంటలన్నీ వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవే. సంగటి మానేసి తెల్లన్నానికి మళ్ళిన మన రెండు తరాలు కూడా, ఎవరూ ప్రయోగం అని పేరు పెట్టకుండానే, ఇలాంటి తిండి మార్పిడిలోనే ఉన్నాయి.

ఊపిరితిత్తుల సంగతి క్లుప్తంగా. నల్లజాతి పొగరాయుళ్ళు సగటున రోజుకు తక్కువ సిగరెట్లు తాగుతారు, అయినా తక్కువ తాగేవారిలో ముప్పు తెల్లవారికన్నా ఎక్కువని 2006లో పెద్ద అధ్యయనం చూపింది. స్క్రీనింగ్ నియమమేమో ఎన్ని పెట్టెలు, ఎన్నేళ్ళు అని గుణించి అర్హత ఇచ్చేది. దాంతో జబ్బు ఉన్నవారిలోనే నల్లవారు ఎక్కువగా గీత బయట పడ్డారు. 2021లో ఆ గీతను 30 నుంచి 20 'ప్యాక్-ఇయర్ల'కు దించారు.

ఇప్పుడు కొలత దగ్గరికి రావాలి, ఎందుకంటే ఈ రంగం జారిపడ్డ చోట్లు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. అమెరికాలో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు ఒక ఫారం ఇస్తారు, అందులో జాతి అని గళ్ళుంటాయి. పరిశోధనల్లో నల్ల, తెల్ల అన్న మాటలు చాలావరకు ఆ గళ్ళలోంచి వచ్చినవే. మన సంగతే చూడండి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయుడు తెల్లవాడు కాడని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1930, 1940 జనగణనల్లో మన జాతి పేరు 'హిందూ' - సిక్కైనా, ముస్లిమైనా సరే. 1970లో తెల్లవారిలో కలిపారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అన్నారు. ఇవాళ డాలస్‌లోనో ఎడిసన్‌లోనో తెలుగాయన ఏషియన్ గడిలో టిక్కు పెడితే క్యాన్సర్ లెక్కల్లో చైనీయులతో, ఫిలిప్పీన్స్ వారితో కలిసిపోతాడు. యాభై ఏళ్ళలో ఇన్ని జాతులు మారినా ఒంట్లో ఒక్క మిథైల్ గుంపు కూడా కదిలి ఉండదు.

గడి వెనక ఏముందో విడదీసి చూసిన మంచి పని ఒకటి 2017లో వచ్చింది. మెక్సికన్, ప్యూర్టోరికన్ మూలాలున్న 573 మంది పిల్లల రక్తంలో మిథైలేషన్ తేడాలను గెలాంటర్ బృందం పరిశీలించింది. ఆ తేడాల్లో మధ్యస్థంగా మూడొంతులు జన్యు వంశమూలంతోనే వివరించవచ్చని తేలింది. మిగతా వంతు అలా వివరణకు లొంగలేదు. అందులో తల్లి పొగ తాగడం వంటి బతుకు ముద్రలు కొన్ని దొరికాయి. రెండు వర్గాల వాదనా ఒకే పట్టికలో ఇమిడిందని నేను అనుకుంటాను. వంశమూలం వాటా అంత ఉండడానికి ఒక కారణం మరీ చిల్లరది. మిథైల్ గుంపు కూర్చునేది సైటోసిన్ మీద. కొందరిలో పుట్టుకతోనే అక్కడ సైటోసిన్ బదులు థైమిన్ ఉంటే, కూర్చోవడానికి పీటే లేదు. యంత్రం మాత్రం మిథైలేషన్ తక్కువ అని అచ్చు కొడుతుంది. అలాంటి చోట్లను ముందే ఏరిపారేయకపోతే అక్షరాల తేడాయే బతుకు తేడాగా పత్రికకెక్కుతుంది. యంత్రాల మీది కొలత గుర్తులను ఎంచేనాటికి తెలిసిన జన్యు వైవిధ్యంలోనూ యూరప్ వాటాయే ఎక్కువ. క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌లోని 5,729 నమూనాలను 2016లో లెక్కిస్తే 77 శాతం తెల్లవారివి, 12 శాతం నల్లవారివి.

ఒత్తిడి వాదన సంగతి. నల్లజాతి స్త్రీల ఒళ్ళు వివక్ష దెబ్బలకు ముందే అరిగిపోతుందని ఆర్లీన్ జెరోనిమస్ 1992లో అన్నారు. 2013లో స్టీవ్ హోర్వాత్ 353 చోట్ల మిథైలేషన్ చూసి వయసు చెప్పే గడియారం తయారుచేశాక, ఆ అరుగుదలను కొలవవచ్చని అందరూ ఎగబడ్డారు. ఫలితాలు అంత వినయంగా రాలేదు. మొదటి తరం గడియారాల్లో ఒకటి ఆఫ్రికన్ అమెరికన్ల రక్తం నెమ్మదిగా వయసు మీరుతున్నట్టు చూపింది! తర్వాతి తరంవి, ముప్పునూ వేగాన్నీ కొలిచేవి, వేగంగా మీరుతున్నట్టు చూపుతున్నాయి. ఒకే ఒంటి మీద రెండు గడియారాలు రెండు మాటలు చెబితే నచ్చినదాన్నే ఉటంకించడం మనిషి బలహీనత. నాకు వీటికన్నా నమ్మకంగా తోచింది జార్జియా పల్లెల్లో నల్లజాతి పిల్లలను ఏళ్ళ పాటు వెంబడించిన బ్రోడీ బృందం పని. కౌమారంలో వివక్ష ఎక్కువ చవిచూసినవారిలో ఇరవై దాటేసరికి గడియారం ముందుకు పరిగెత్తింది, ఇంట్లో ఆదరణ లేనివారిలో మాత్రమే. అమ్మానాన్న అండగా నిలిచిన ఇళ్ళలో ఆ ముడి కనిపించలేదు. బానిసత్వపు గాయాలు మిథైలేషన్‌గా తరతరాలకూ దిగుతున్నాయన్న మాట కూడా ఈమధ్య బాగా వినిపిస్తోంది. కానీ అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడూ, పిండం తొలి రోజుల్లోనూ ఈ గుర్తులు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి. ప్రతి తరంలోనూ గాయం కొత్తగా తగులుతున్నప్పుడు వారసత్వం మీదికి నెట్టడం, ఇవాళ గాయం చేస్తున్నవారికి భలే సౌకర్యం.

ఇవన్నీ చదివాక నాకు కుదిరిన లెక్క ఇది. జబ్బు రావడం ఒకటి, జబ్బుతో చావడం ఇంకొకటి. ఎపిజెనెటిక్స్‌కు మొదటిదాని గురించి, ముఖ్యంగా ఏ రకం వస్తుందన్నదాని గురించి, చెప్పగలిగింది ఉంది. రెండోదాని గురించి చాలా తక్కువ. మాజీ సైనికులకు ప్రభుత్వమే వైద్యం చేసే వెటరన్స్ ఆసుపత్రుల్లో 60 వేల మంది ప్రొస్టేట్ రోగుల రికార్డులను 2020లో చూశారు. పదేళ్ళలో ఆ క్యాన్సర్‌తో చనిపోయినవారు నల్లవారిలో 4.4 శాతం, తెల్లవారిలో 5.1. బయట రెట్టింపుగా ఉన్న చావు, గుమ్మం అందరికీ ఒకటైన చోట కాస్త తక్కువగానే తేలింది. డెలావేర్ రాష్ట్రం 2002లో పెద్దపేగు స్క్రీనింగ్ పథకం పెట్టి, బీమా లేనివారి కొలనోస్కోపీ ఖర్చు తానే భరించింది, క్యాన్సర్ తేలితే చికిత్స ఖర్చు కూడా. నర్స్ నావిగేటర్లను పెట్టింది. వాళ్ళ పని ఫోన్ చేయడం, పేగు శుభ్రమయ్యే మందు ఎప్పుడు తాగాలో చెప్పడం, మత్తు దిగేదాకా కారు నడపకూడదు కాబట్టి ఇంటికి చేర్చే మనిషిని చూడడం. 2009 నాటికి నల్లవారిలో పరీక్ష చేయించుకున్నవారు 48 నుంచి 74 శాతానికి పెరిగి తెల్లవారితో సమానమయ్యారు. మరణాలు 42 శాతం తగ్గి, రెండు గీతలూ దాదాపు కలిశాయి. మిథైలేషన్ గురించి ఒక్క ముక్క తెలియకుండా ఒక ఫోన్, ఒక కారు సాధించిన ఫలితమది.

ఈ వాదనకు గండి కొట్టే సాక్ష్యమూ ఉంది, పక్కన పెట్టకూడదు. 35 క్లినికల్ ట్రయల్స్‌లో చేరిన 19,457 మందిని 2009లో పరిశీలించారు. అందరికీ ఒకే మందు, ఒకే పద్ధతి. ఊపిరితిత్తులు, పెద్దపేగు, రక్త క్యాన్సర్లలో జాతుల తేడా కనిపించలేదు. రొమ్ము, అండాశయం, ప్రొస్టేట్ మాత్రం నల్లవారిలో ఎక్కువమందిని బలిగొన్నాయి. మూడూ హార్మోన్లతో ముడిపడిన అవయవాలే. ప్రొస్టేట్ విషయంలో వెటరన్స్ లెక్క దీన్ని కాదంటోంది. రొమ్ము విషయంలో కొట్టిపారేయలేం. ఈ గ్రాఫు గీతలు పూర్తిగా కలవాలంటే అక్కడ కణం లోపలికి చూడకతప్పదు.

చూసేటప్పుడు ఏం చూస్తున్నామో తెలియకపోతే ఎలా ఉంటుందో చెప్పడానికి డఫీ అనే రక్త లక్షణం చాలు. అమెరికా నల్లవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఎర్ర రక్తకణాల మీద డఫీ ప్రొటీన్ ఉండదు. వైవాక్స్ మలేరియా నుంచి కాపాడే ఏర్పాటు ఇది. డఫీ లేనివారి రక్తంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు పుట్టుకతోనే తక్కువగా తిరుగుతాయి. ఆరోగ్యానికి లోటేమీ లేదు. ఒక్కో రకం తెల్లకణానికి ఒక్కో మిథైలేషన్ తీరు ఉంటుంది కాబట్టి, కణాల పాళ్ళను సరిచూడకుండా నల్ల, తెల్ల రక్తాలను పోలిస్తే జాతి తేడా అని తేలేది చాలాసార్లు ఈ న్యూట్రోఫిల్ లెక్కే. ఇదే అంకె పక్క గదిలో మరోలా పనిచేస్తుంది. ట్రయల్‌లో చేరాలంటే మైక్రోలీటర్ రక్తానికి కనీసం 1,500 న్యూట్రోఫిల్స్ ఉండాలన్నది చాలాచోట్ల నియమం. పుట్టినప్పటి నుంచీ 1,300తో హాయిగా ఉన్న ఆవిడ రిపోర్టులో ఆ అంకె పక్కన ఎర్ర అక్షరం పడుతుంది. ట్రయల్ తలుపు మూసుకుంటుంది. మామూలు కీమో అయినా, ఇంకో వారం ఆగి చూద్దాం అంటారు. డఫీ లేనివారికి వేరే హద్దు అచ్చువేసే పని కొన్ని ఆసుపత్రుల ల్యాబుల్లో ఈమధ్యే మొదలైంది.